మంచవ్వ గురక

అనగనగా, పిల్లలూ, ఉత్తరాన చాలా చాలా దూరంలో ఒక అడవి. అక్కడికి చలికాలం వచ్చిందంటే, ఇక వెళ్ళనని మొండికేస్తుంది. సరస్సంతా గడ్డకట్టి, చందమామే జారి కిందపడిందా అన్నట్టు మెరుస్తుంది.

ఆ అడవి దుప్పులకు ఒక నమ్మకం. సరస్సు అడుగున మంచవ్వ అనే మంచు ముసలమ్మ నిద్రపోతోందట. మంచు మీద కాలు పెట్టేముందు డెక్కతో తట్టి, "అవ్వా, వెళ్ళిరావచ్చా?" అని అడగాలి. చెవి ఆనించి వినాలి. "గుర్ర్" మని గురక వినిపిస్తే వెళ్ళొచ్చు. "కీ..." అని సన్నగా ఈల వినిపిస్తే అవ్వ లేచినట్టే. వెళ్ళకూడదు.

చలి విరుగుతున్న రోజుల్లో, దక్షిణం నుంచి ఒక అడవిబాతు ఎగిరొచ్చింది. ఒడ్డున చిట్టికొమ్ము అనే దుప్పిపిల్ల, అవతలి గట్టున మొలిచిన పచ్చగడ్డిని ఆశగా చూస్తోంది.

"చూస్తావేం? వెళ్ళి తిను" అన్నాడు బాతు మావ.

"అవ్వని అడగాలి బాతు మావా. నాయనమ్మ వస్తోంది."

బాతు పకపకా నవ్వాడు. "అవ్వా లేదు, గివ్వా లేదు! పైనుంచి నేను చూశాగా, అంతా రాయిలా ఉంది. కొమ్ములొచ్చాయి, ఇంకా అవ్వ కథలేనా?"

చిట్టికొమ్ముకు సిగ్గేసింది. తట్టలేదు. అడగలేదు. వినలేదు. చకచకా నడిచేసింది.

నడిమికి వెళ్ళేసరికి కాళ్ళ కింద "కీ..." అంది. ఇంకో అడుగు. మళ్ళీ "కీ...". మూడో అడుగుకి మంచు మీద పగులు పాకింది.

"నాయనమ్మా!"

నాయనమ్మ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. "అవ్వ లేస్తే ఏం చెయ్యమన్నానే?"

"కనపడకుండా బోర్లా పడుకుని పాకాలి!"

"మరి పడుకోవే నా తల్లీ!"

చిట్టికొమ్ము కాళ్ళు చాపి పడుకుంది. మెల్లగా వెనక్కి పాకింది. తను నిలబడ్డ చోట మంచు ఫెళ్ళున విరిగి నల్లటి నీళ్ళు పైకొచ్చాయి. అప్పటికే డెక్కలకు ఒడ్డు మట్టి తగిలింది. హమ్మయ్య!

నాయనమ్మ దాని ముఖమంతా నాకేసింది. "ముందు వెచ్చబడు. తిట్లు తర్వాత."

బాతు తల దించుకున్నాడు. "అవ్వ నిజంగా ఉందా పెద్దమ్మా?"

"నేనెప్పుడు చూశాను నాయనా! ఈ చలీ, ఈ సరస్సూ మాకు చెప్పిన కథ అది. విన్నాం కాబట్టే ఇంతమందిమి మిగిలాం. మీ ఊళ్ళో ఎండ చెప్పిన కథ ఒక్కటీ లేదూ?"

"ఉంది. మిట్టమధ్యాహ్నం ఇసుకలో ఎండదయ్యం తిరుగుతుంది, నీడ దాటొద్దు అనేది మా అమ్మ."

"దానికీ ఇలాగే నవ్వావా?"

"లేదు పెద్దమ్మా. ఇప్పటికీ నీడ దాటను."

వణుకుతూనే చిట్టికొమ్ము కిసుక్కున నవ్వింది. ముగ్గురూ గట్టు చుట్టూ తిరిగి పచ్చగడ్డి వైపు బయల్దేరారు. రెక్కలున్న బాతు కూడా ఆ రోజు నడిచే వెళ్ళాడు.

నీతి: ఒక ఊరి కథను చూసి నవ్వేముందు, ఆ కథ పుట్టిన నేలను తట్టి చూడాలి.