కంచం పెట్టిన చోటు

తాతబ్బాయి మేస్త్రి గారిని ఎవరైనా కూలి పెంచమని అడిగితే ఆయన అవుననడు, కాదనడు. "అన్నం తిన్నావా?" అంటాడు. కొత్తగా చేరినవాళ్లు ఆయనకు చెవుడేమో అనుకునేవారు. పాతికేళ్లు ఆయన తాపీ జట్టులో సిమెంటు మాలు కలిపి అందించినదాన్ని, నాకు తెలుసు, ఆయనవి పాము చెవులు. అన్నం మాట ఎందుకు ఎత్తేవాడో నాకు తెలిసొచ్చిన రోజొకటి ఉంది. చూసింది చూసినట్టు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది, అదీ దాచను.

ఆయన శిష్యుల్లో గన్నియ్య అని ముప్పై ఏళ్లవాడు ఉండేవాడు. మంచి చెయ్యి. గోడ మీద తాపీ ఆడిస్తుంటే నేను తట్ట దించడం మరిచిపోయి చూసేదాన్ని. అయినా నాలుగేళ్లుగా వాడి కూలి ఏడొందల దగ్గరే ఉండిపోయింది. మేస్త్రి అనిపించుకుంటే వెయ్యి. మాలు మోసే మా ఆడవాళ్లకు ఐదొందలు. ఆ ఐదొందలకు మా చేతులతో పాటు నోరు కూడా కొనేసుకున్నారని మాలో మేం అనుకునేవాళ్లం.

ఆ రోజు పొద్దున్న మేస్త్రి గారు వేరే ఇంటి పనికి వెళ్తూ మా దగ్గర ఆగగానే గన్నియ్య ఎదురు వెళ్లి నిలబడ్డాడు. "గురువుగారూ, విశాఖలో అపార్టుమెంట్లు కట్టే కంట్రాక్టరు రోజుకు తొమ్మిదొందలు ఇస్తానంటున్నాడు. సాయంత్రం ఐదింటికి వాళ్ల వ్యాను వస్తుంది. నాకు మీ దగ్గరే ఉండాలని ఉంది. కానీ ఇంట్లో రెండో బిడ్డ పుట్టబోతోంది, ఏడొందలు చాలట్లేదు. నా కూలి ఎప్పుడు పెరుగుతుందో ఇవాళే చెప్పండి," అన్నాడు.

"నిన్న ముందు గది కప్పుకు పూత ఒక్క రోజులో పూర్తి చేశావటగా," అన్నాడు మేస్త్రి.

"చేశానండి. మొత్తం."

"అయితే మధ్యాహ్నం అక్కడే అన్నం తిందాం."

గన్నియ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు రోజు సంగతి చెప్పాలి.

మేం అప్పుడు రత్నకుమారి గారని ఒక కుట్టుపనావిడ ఇంటికి పూత పని చేస్తున్నాం. ముందు గదిలో ఎనిమిది మిషన్లు వేసి ఆడపిల్లలకు కుట్టు నేర్పాలని ఆవిడ ఉద్దేశం. ఆ గది శ్లాబు ఇనుప రేకుల మీద పోసింది, అడుగు భాగం అద్దంలా నున్నగా ఉంది. అలాంటి దానికి ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి, అప్పుడే మాలు పట్టుకుంటుంది, లేకపోతే ఎప్పుడో నెత్తిన ఊడిపడుతుంది. తల పైకెత్తి గాట్లు కొడుతుంటే మెడ విరిగిపోతుంది, కళ్లనిండా దుమ్ము. దానికి ఎవరూ మెచ్చుకోరు, మాలు పడ్డాక అది కనబడదు కూడా. ముందు రోజు గన్నియ్య చుట్టూ గాట్లు పెట్టుకుంటూ వచ్చి, ఫ్యాను కొక్కెం కింద మంచమంత జాగా వదిలేశాడు. పొద్దు గుంకేలోగా కప్పు మొత్తం చేసి చూపిస్తే మేస్త్రి గారు కూలి పెంచుతారని వాడి ఆశ. ఆ నున్నటి చోటికి కూడా మాలు అందించింది నేనే. వాడు నా వైపు చూశాడు, నేను తట్ట వైపు చూశాను.

మా జట్టులో ఒక ఆచారం ఉంది. కప్పు చేసిన మర్నాడు, చేసినవాడు ఆ గది నడిమధ్య కూర్చుని మధ్యాహ్నం భోజనం చెయ్యాలి. మేస్త్రి గారు తన గురువు దగ్గర నేర్చుకున్నదట. ఆ వారం ఆయనకు వేరే ఇంటి పని ఉందన్నారు కాబట్టి ఈసారి అది తప్పిపోతుందని గన్నియ్య అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

పన్నెండున్నరకు ఆయన క్యారేజీ పట్టుకుని రానే వచ్చాడు. వాకిట్లో నేను ఊడ్చి పోసిన కాంక్రీటు పెచ్చుల కుప్ప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అంత పెద్ద గదికి గాట్లు పెడితే ఎన్ని పెచ్చులు రాలాలో ఆయనకు తెలీదా. అయినా లోపలికి వెళ్లి, సరిగ్గా ఫ్యాను కొక్కెం కింద కండువా పరుచుకుని కూర్చున్నాడు. ఆయనకు ఎంత తెలుసో నేను ఇప్పటికీ చెప్పలేను.

గన్నియ్య గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు. వాడి పక్కన నేను.

"అంత దూరం వెళ్లారేం?"

"ఇక్కడ గాలి బాగుందండి," అన్నాడు గన్నియ్య.

ఆయన పప్పు కలుపుకున్నాడు. మెల్లిగా తింటున్నాడు. మామూలుగా నాలుగు ముద్దల్లో ముగించే మనిషి, ఆ రోజు చేపల పులుసులో ముల్లు ముల్లు ఏరుకుంటూ కూర్చున్నాడు. పైన పచ్చి పూత నుంచి ఒక నీటి చుక్క ఆయన కంచం పక్కన పడింది. కాసేపటికి ఇంకొకటి. గన్నియ్య నోట్లో పెట్టుకున్న ముద్ద అలాగే ఉంది, నమలడంలేదు. చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. చెబితే వాడి పని పోతుంది, వాడికి మాలు అందించినందుకు నా పనీ పోతుంది. ఆయన ఒక్క ముద్ద తింటే నాకు ఒక గంట గడిచినట్టు ఉండేది.

అంతలో రత్నకుమారి గారు సుద్దముక్క పట్టుకుని వచ్చారు. మిషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో నేల మీద గీసుకుంటారట. "మీరు తినండి మేస్త్రి గారూ, మీకు అడ్డం రాను," అంటూ ఒక్కో గీత గీసుకుంటూ నడిమధ్యకు వచ్చి, ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఇక్కడ వెలుతురు బాగుంది. చిన్నపిల్లల్ని ఇక్కడ కూర్చోబెడతాను."

గన్నియ్య కంచం నెట్టేసి లేచాడు. "అమ్మా, అక్కడి నుంచి లేవండి. గురువుగారూ, మీరూ లేవండి. మీ నెత్తిమీద గాట్లు లేవు. నేను పెట్టలేదు." ఆ మాట అనేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఏడుపు ఆపుకోవడం కనబడుతూనే ఉంది.

రత్నకుమారి గారు సుద్దముక్క అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చేశారు. మేస్త్రి గారు మాత్రం తొందరపడలేదు. చెయ్యి కడుక్కుని, కంచం తీసి, కండువా దులుపుకుని ఇవతలికి వచ్చాడు. మూల ఉన్న ఉలి, సుత్తి తీసి గన్నియ్య చేతిలో పెట్టాడు.

గన్నియ్య సారవ ఎక్కి, కర్రల మీద అంచున నిలబడి, చెయ్యి చాచి ఆ చోట ఒక్క దెబ్బ వేశాడు. రెండో దెబ్బ అక్కర్లేకపోయింది. మంచమంత పూత ఒకే పలకగా ఊడి, ఇందాక కంచం ఉన్న చోట పడి ముక్కలైంది. ఒక ముక్క నేను తిరగేసి చూశాను. వెనకవైపు చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. రత్నకుమారి గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ వైపు చూడటానికి నాకు సిగ్గేసింది.

ఐదింటికి రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. రెండుసార్లు, మూడుసార్లు. గన్నియ్య సారవ మీద ఉన్నాడు, కంటినిండా దుమ్ము, ఉలి ఆగలేదు. చెయ్యి ఆపుతాడేమోనని నేను కింద నుంచి చూస్తూనే ఉన్నాను. వ్యాను కాసేపు ఆగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను ఊడ్చిన పెచ్చులు రెండు తట్టలు.

మర్నాడు ఆ చోట మళ్లీ పూత పడింది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం మేస్త్రి గారు మళ్లీ క్యారేజీ తెచ్చుకున్నాడు. ఆయన కండువా పరిచేలోగా గన్నియ్య తన కంచం తీసుకెళ్లి ఫ్యాను కొక్కెం కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. ఆకలిగా, గబగబా తిన్నాడు. సగం తిన్నాక తల వంచుకునే అడిగాడు.

"గురువుగారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

మేస్త్రి గారు మజ్జిగ పోసుకున్నాడు. "గుమ్మం దగ్గర తినేవాడికి ఏడొందలు ఎక్కువేరా. నువ్వు ఇప్పుడు కూర్చున్న చోటు రేటు వేరు. శనివారం కూలి ఇచ్చేటప్పుడు చూసుకో," అన్నాడు.

తర్వాత ఆయన తల తిప్పి, కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నా వైపు చూశాడు.

"నూకాలూ, నువ్వింకా గుమ్మం దగ్గరే ఉన్నావేం?"