కణుమ రాతి మీది ఉప్పు

అనగనగా, దారులకింకా పేర్లు పెట్టని రోజుల్లో, సముద్రానికీ మహీధర మహారాజు పట్టణానికీ మధ్య ఒక పెద్ద కొండ ఉండేది. దాన్ని దాటడానికి ఒకే ఒక్క కణుమ. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని వర్తకులు ఆ ఇరుకు దారినే వచ్చేవారు.

వర్తకుల పెద్ద తిప్పన్న. అతని ఒక్కగానొక్క కూతురు చెంగల్వ.

ఒక ఏడు వానలు వెలిసీ వెలియగానే కణుమలో దొంగలు పడ్డారు. తిప్పన్న కుడిచేయి విరగ్గొట్టి, ఉప్పు ఎత్తుకుపోయారు. ఆ చేయి మళ్లీ పైకి లేవలేదు.

రాజుకు కోపం వచ్చింది. కత్తులిచ్చి భటులను పంపాడు. దొంగలు బల్లేలు పట్టుకొచ్చారు. రాజుకు ఇంకా కోపం వచ్చింది. కొండ మీది వాళ్ల గుడిసెలు కాల్పించాడు. దొంగలు కాగడాలు పట్టుకొచ్చారు. భటులు ఒళ్లంతా గాయాలతో తిరిగొచ్చి, "ప్రభూ, ఇక మా వల్ల కాదు" అన్నారు.

చెంగల్వ మాత్రం కర్రసాము నేర్పే ఓబులవ్వ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, నాన్న చేయి విరగ్గొట్టినవాడి చేయి నేను విరగ్గొట్టాలి."

"వాడి చేయి విరిగితే మీ నాన్న చేయి లేస్తుందటే?" అంది అవ్వ. "నీ కర్ర ఎంత దూరం తిరుగుతుందో అంత మేర నేల మీద గిరి గీయి. లోపలికొచ్చిన దెబ్బను ఆపు. దాటి వెళ్లి కొట్టావా, నువ్వూ వాళ్లలో ఒకతివే."

తర్వాత అవ్వ చెంగల్వ కళ్లకు గుడ్డ కట్టింది. "కోపంతో కొట్టే దెబ్బ భుజంలోంచి వస్తుంది. భయంతో కొట్టేది మణికట్టులోంచి వస్తుంది. కర్రకు కర్ర తగిలినప్పుడు చేత్తో విను."

ఏడాది పాటు చెంగల్వ విన్నది. ఆ తర్వాత ఎద్దులు తోలుకుని కణుమకు బయలుదేరింది.

మిట్టమధ్యాహ్నం. రెండు వైపులా ఆకాశాన్నంటే బండలు. కణుమ నడుమ బల్లపరుపు రాయి ఒకటుంది. సరిగ్గా అక్కడే దొంగలు అడ్డం వచ్చారు. వాళ్ల నాయకుడు బయ్యన్న, తాటిచెట్టంత మనిషి.

"చూడండిరోయ్! గొర్రెలు కాసే పిల్ల కర్ర పట్టుకొచ్చింది!"

"గొర్రెలు కాదన్నా, ఎద్దులు. కళ్లు సరిగా కనబడవా?" అంది చెంగల్వ. వంగి, కర్ర కొసతో చుట్టూ గిరి గీసింది.

మొదటివాడు దూకాడు. వాడి బల్లెం ఎగిరి బండకు తగిలింది. రెండోవాడు దూకాడు. వాడి బల్లెం వాడి కాళ్ల దగ్గరే పడింది. ఇక కర్ర కనబడలేదు. గాలి మాత్రమే కనబడింది. కొండంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుంది. ఒక్క రక్తపు బొట్టు రాలలేదు.

మూడోసారి బయ్యన్నే వచ్చాడు. దుడ్డుకర్ర ఎత్తి బలమంతా పెట్టి కొట్టాడు. చెంగల్వ ఆపింది. ఆపి, ఉలిక్కిపడింది. ఆ దెబ్బలో కోపం లేదు, భయం లేదు. బరువుగా మొదలై, చివరికి వచ్చేసరికి వట్టిపోయింది.

బయ్యన్న మోకాళ్ల మీద పడ్డాడు. అతని కుడిచేయి గిరి అవతల నేలకు ఆనుకుని ఉంది. ఒక్క అడుగు. ఒక్క దెబ్బ. చెంగల్వ కర్ర పైకి లేచింది. అక్కడే ఆగింది.

"అన్నా, అన్నం తిని ఎన్నాళ్లయింది?"

ఆ మాటకు అంత మనిషీ కూలబడి ఏడ్చాడు.

"తాతల నాటి నుంచీ ఈ రాతి మీద మీవాళ్లు వచ్చినప్పుడల్లా మూడు దోసిళ్ల ఉప్పు పోసేవాళ్లు. దాంతో మాంసం ఎండబెట్టుకుని వానాకాలం గడిపేవాళ్లం. ఉప్పు ఆగింది. మాంసం కుళ్లింది. ఆ వానల్లో మా పసివాళ్లు నలుగురు పోయారమ్మా."

చెంగల్వ కర్ర దించింది. ఆ వానలకు ముందు తండ్రి వెంట వచ్చి, "ఇక్కడ ఎవరూ లేరు కదా నాన్నా, రాయి ఉప్పు తింటుందా?" అని నవ్వింది తనే. తిప్పన్న కూడా నవ్వి, పోయడం మానేశాడు.

"మేమెన్నడూ మిమ్మల్ని చూడలేదు" అంది నెమ్మదిగా.

"కనబడకూడదనేది మా కట్టుబాటు. వానకు జారిన రాళ్లు ఎవరు తీశారనుకున్నావు? పులిని ఈ దారిలోకి ఎవరు రానివ్వలేదనుకున్నావు?"

చెంగల్వ తలెత్తి చూసింది. తాతల కాలం నుంచీ ఈ కొండే తమను కాపాడుతోందనుకుంది. కొండ కాదు, మనుషులు! కంటికి కనబడకుండా ఇన్నాళ్లూ కాపాడిన మనుషులు!

"మరి మా నాన్న చేయి?"

బయ్యన్న తల దించుకున్నాడు. "అడగాల్సింది. అడగకుండా కొట్టాను. అది నా తప్పే. ఏ శిక్ష వేసినా పడతాను."

చెంగల్వ బస్తా మూతి విప్పింది. ఒకటి, రెండు, మూడు దోసిళ్లు రాతి మీద పోసింది. ఎండలో ఉప్పు ధగధగ మెరిసింది. ఒక్కొక్కరూ బల్లేలు కింద పెట్టారు.

సంగతి విన్న మహీధరుడు కాల్పించిన గుడిసెలు తిరిగి కట్టించాడు. బయ్యన్నకు తిప్పన్నే శిక్ష చెప్పాడు: "నా చేయి పోగొట్టావు. ఇక నా ఎద్దులు నువ్వే తోలాలి." బయ్యన్న బతికినన్నాళ్లూ తోలాడు. ఆ కణుమలో మళ్లీ ఎవరూ ఎవరి మీదా చేయెత్తలేదు.

పిల్లలూ, చేయెత్తినవాడిని ఆపితే మన ప్రాణం నిలుస్తుంది. ఆ చేయి ఎందుకు లేచిందో తెలుసుకుని సరిదిద్దితే అందరి ప్రాణాలూ నిలుస్తాయి.