తిరపమ్మ వాకిట్లో నక్షత్రం

కుందవరం రాజుగారి కొలువులో విరూపాక్ష సిద్ధాంతి మాటే వేదం. ఒక ఉదయం ఆయన తిరపమ్మ ఇంటి ముందు ఆగిపోయాడు. వాకిట్లో అయిదు కొనల నక్షత్రం ముగ్గు ఉంది. వీధిలోంచి చూస్తే అది తలకిందులుగా ఉంది.

వెంటనే రాజును పిలుచుకొచ్చాడు. "తలకిందుల నక్షత్రం చూసినవాడికి చేటు ప్రభూ. ఈమెను ఊళ్లోంచి వెళ్లగొట్టాలి."

"కొందరు దాన్ని శుభమంటారట కదా?" అన్నాడు రాజు.

"వాళ్లకేం తెలుసు?"

తిరపమ్మ ముగ్గు చెరిపేసింది. "సరైనది మీరే వేసి చూపించండి సామీ. దొరా, ఎండగా ఉంది, లోపల మా ఆయన మంచం మీద కూర్చోండి."

గుమ్మం లోపల, కాళ్లు పడిపోయిన గురవయ్య పక్కన రాజు కూర్చున్నాడు. సిద్ధాంతి వీధివైపు నిలబడి, వాకిట్లోకి వంగి శ్రద్ధగా నక్షత్రం వేశాడు.

"సిద్ధాంతిగారూ, నాకు చేటు కోరి వేశారా? ఇక్కడికి తలకిందులుగా కనబడుతోంది," అన్నాడు రాజు.

సిద్ధాంతి గాభరాగా ముగ్గు వైపు చెయ్యి చూపించాడు. "లేదు ప్రభూ, ఇటునుంచి నిటారుగానే ఉంది."

"నాదీ అంతే సామీ," అంది తిరపమ్మ. "మా ఆయన లేవలేడు. ఆయనకు కనబడేది ఈ వాకిలి ఒక్కటే. అందుకే ఆయన వైపుకి వేస్తాను."

రాజు మంచం మీంచి లేవలేదు.

"చెరిపి మళ్లీ వెయ్యండి సిద్ధాంతిగారూ. ఈసారి గురవయ్య వైపుకి."