రెండో ఎలక్ట్రాన్

విహారం విడిచి వెళ్ళిపోవాలని ఉత్పల నిశ్చయించుకుంది.

కొండమీది ఆ బౌద్ధ విహారంలో ఆమె భిక్షుణి. దిగువ తండా పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతుంది. ఆ ఉదయం సమీకరణం తుల్యం చేయమంటే తరగతిలో ఒక్కరూ చేయలేకపోయారు. పాఠం మధ్యలోనే ఆపేసి, మంచులో నడుచుకుంటూ గురువు దగ్గరికి వచ్చింది.

గురువు విమలబోధి కాషాయం కట్టకముందు కాలేజీలో అదే పాఠం చెప్పేవారు.

"నా దగ్గరున్నదంతా ఇచ్చాను, భంతే. వాళ్ళేమీ తీసుకోవడం లేదు. నన్ను పంపించెయ్యండి."

ఆయన గాజుగ్లాసులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోశారు. మంచినీళ్ళలా తేటగా ఉంది. అందులోకి రాగితీగ చుట్టనొకదాన్ని మెల్లగా దించారు. కిటికీ పక్కన ఇద్దరూ కూర్చున్నారు.

కాసేపటికి తీగమీద సన్నగా నూగు మొలిచింది. నూగు ఈకలైంది. ఈకలు కొమ్మలు వేశాయి, మెరిసే వెండికొమ్మలు. బయట మంచు కదులుతోంది, లోపల నీళ్ళు నెమ్మదిగా నీలమవుతున్నాయి. తానెందుకు వచ్చిందో కూడా ఉత్పల మరిచిపోయింది.

గురువు పలక అందించారు. "ఏం జరుగుతోందో రాయమ్మా."

రాసింది. ఒక రాగి, ఒక వెండి అయాన్ కలిస్తే, ఒక రాగి అయాన్, ఒక వెండి.

"ఇటూ అటూ సరిపోయాయి," అంది.

ఆయన వెండి ఉన్న రెండు చోట్లా అరచేతులు పెట్టి మూశారు. "రాగిని మాత్రమే చూడు. ఏం చేసింది?"

"రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చింది."

చేతులు జరిపి రాగిని మూశారు. "వెండి?"

"ఒకటి తీసుకుంది."

"మరి రెండోది?"

ఉత్పల పలకను తేరిపార చూసింది. తీసుకునే చెయ్యి లేకుండా రాగి ఇవ్వదు. వెండి ముందు రెండు అంకె వేసింది, ఇటూ, అటూ.

"ఒక్కొక్కదాన్నీ విడిగా చూడకపోతే నేనూ పొరపడేవాణ్ణి," అన్నారు గురువు. "ఇప్పుడు నిన్ను నువ్వు మూసేసుకుని, ఆ పిల్లల్ని మాత్రమే చూడు."

ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత ఆమె మనసులో, తరగతి చివరి వరుసలోంచి జమ్లీ అనే పిల్ల లేచి నిలబడింది.

"పొద్దున ఒక పిల్ల అడిగింది, భంతే. ఎలక్ట్రాన్లు పోతే రాగికి బాధగా ఉంటుందా టీచర్, అని."

"నువ్వేమన్నావు?"

"పిచ్చి ప్రశ్నలు మాని కూర్చోమన్నాను."

ఆ మాట పైకి అన్నాకే ఉత్పలకు తట్టింది. ఏమీ తీసుకోని పిల్ల అలా ఎలా అడుగుతుంది?

ఆమె లేచి భుజంమీది కాషాయ చీవరం సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ బాధగా ఉంటుందా, భంతే?"

"నాకు తెలియదమ్మా. ఆ పిల్లనడిగి, వచ్చి నాకు చెప్పు."