మూడు మూళ్లు ఎనిమిది

పశువుల కొట్టంలో పంతుళ్ల శిక్షణ నడుస్తోంది. నేర్పేది ఎద్దు బసవ మాస్టారు. ఆయనకు తొందరే లేదు, ఒక మాట చెప్పి దాన్ని నాలుగుసార్లు నెమరేశాకే రెండో మాటకు వెళ్తారు. నేర్చుకునేవాళ్లలో కోడి చుక్కమ్మ ఒకతి, నక్క జంబులయ్య ఒకడు. నక్కనెవరు రానిచ్చారంటారా? శిక్షణ అయ్యేదాకా ఆకులే తింటానని ఒట్టేశాడండీ, అందరూ నమ్మేశారు!

చుక్కమ్మకు పంతులమ్మ కావాలని ఎంత ఆశో, లెక్కలంటే అంత దడ. మాస్టారు ఎక్కాలు మొదలెడితే చాలు, టపటపమంటూ దూలమెక్కేది.

"నాకు లెక్కలు రావన్నయ్యా!" అని ఓ రోజు నక్క దగ్గర వాపోయింది.

జంబులయ్యకు నోట్లో నీళ్లూరాయి. "లెక్కలు పుట్టుకతో రావాలి చెల్లెమ్మా. నువ్వు పాటలు నేర్పుకో. నీ పిల్లల్ని ఈ పూటకు నాకప్పగించు, ఎక్కాలు నేర్పి తెస్తా."

పిచ్చితల్లి, తొమ్మిది మందినీ అప్పగించేసింది.

సాయంత్రానికి నక్క భుజాన సంచితో తిరిగొచ్చాడు. వెనకాల పిల్లలు.

"ఏం నేర్పావోయ్?" అన్నారు మాస్టారు.

"మూడు మూళ్లు ఎనిమిది, మాస్టారూ!"

"ఎనిమిదా?"

"కొత్త పద్ధతండీ. కావాలంటే చుక్కమ్మనడగండి."

"అమ్మో, నన్నడక్కండి, నాకు లెక్కలు రావు!" అంటూనే చుక్కమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఎడమ రెక్క కింద ముగ్గురు. కుడి రెక్క కింద ముగ్గురు. పొట్ట కింద... "అయ్యో! ఇక్కడ ఇద్దరే ఉన్నారు! ఒకడు తక్కువ!"

నక్క బిత్తరపోయాడు. "నీకు లెక్కలు రావన్నావుగా!"

"లెక్కలెవరు చేశారయ్యా! రోజూ మూడు చోట్ల ముగ్గురేసి పడుకుంటారు. నా బిడ్డేడీ?"

సంచి 'కియ్' మంది.

ఆ పూట మాస్టారు నెమరేయలేదు. ఒక్క కొమ్ము విసురు! నక్క గడ్డివాము అవతల పడ్డాడు, సంచి ఇవతల పడింది. అందులోంచి చటుక్కున తల బయటపెట్టి, "అమ్మా, తొమ్మిదోది నేనే!" అన్నాడు చిన్నోడు.

"చుక్కమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పిందేగా మూడో ఎక్కం!" అన్నారు మాస్టారు.

"ఎక్కమంటే ఇదేనా? ఇదేనా!" అని చుక్కమ్మ గిర్రున మూడు చుట్లు తిరిగి, పట్టలేని సంతోషంతో కొక్కొరోకో అని కూసేసింది. పుంజులు నోరెళ్లబెట్టాయి. మర్నాటి నుంచి కొట్టంలో లెక్కల పంతులమ్మ ఆవిడే.

నాకు లెక్కలు రావని మనమంటే, ఆ మాటను ముందుగా లెక్కేసుకునేది మనల్ని ముంచేవాడే.