ఇద్దరూ కలిసి కనిపిస్తే

వేదాద్రి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. అడిగినవాణ్ణి ఎక్కడికో తీసుకెళ్తారు. చాలా ఏళ్లు ఒక పత్రికలో ఫొటోల విభాగం చూసి, ఇప్పుడు కర్నూలులో మూతపడ్డ స్టూడియో మేడ మీద కొద్దిమందికి ఫొటోగ్రఫీ నేర్పుతున్నారు. శిష్యుల్లో దినకర్ అనేవాడు అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. నీ ఫొటోలో ఉన్నావిడ వచ్చింది, దాన్ని తీసేయమని అడిగి వెళ్లింది అని మాస్టారు చెప్పినప్పుడు వాడు నొచ్చుకున్నాడు.

"ముఖమే కనిపించని మనిషికి నా ఫొటో వల్ల ఏం నష్టం సార్?" అన్నాడు.

మాస్టారు గడియారం చూసి, సాయంత్రం స్కూళ్లు వదిలే వేళకు రమ్మన్నారు. కెమెరా వద్దన్నారు.

ఆ ఫొటో దినకర్ రంజాన్ ముందు గాజుల బజారులో తీసింది. నల్ల బురఖా, నిఖాబ్ పైన రెండు కళ్లు, ఆ కళ్లలో బెదురు. ఆమె చేయి పట్టుకుని ఒక చిన్నపిల్ల. ఒక వారపత్రిక దాన్ని ముఖచిత్రం చేసి కింద 'మూగవేదన' అని రాసింది. ఒక పోటీలో బహుమతి వచ్చింది. ఆ తర్వాత నెట్‌లో అది ఎవరికి కావాలంటే వాళ్లదయింది. తలాక్ మీద చర్చ జరిగితే అదే ఫొటో వాడారు. చివరికి ఎక్కడో ఉగ్రవాదులు పట్టుబడితే, ఒక టీవీ చానల్ సాయంత్రమంతా వార్తలు చదివే మనిషి వెనక దాన్నే నిలబెట్టింది.

అందులో ఉన్నావిడ పేరు గుల్షాద్. ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. దినకర్ ఊళ్లో లేనప్పుడు మేడ మెట్లెక్కి వచ్చి మాస్టారికి అంతా చెప్పింది. వారపత్రిక వచ్చినప్పుడు ఇంట్లో నవ్వుకున్నారట. వాళ్ల వీధిలో గుల్షాద్ నోటికి జంకని వాళ్లు లేరు. ముఖచిత్రం కింద రాసింది చదివి ఆమె భర్త, "మూగా? నువ్వా? ఒక్క పూట అట్లా ఉండి చూపియ్, బహుమతి నేనిస్తా" అన్నాడట. ఆ రోజు ఆమె బెదిరిన మాట మాత్రం నిజం. గాజుల బేరం మధ్యలో తలెత్తి చూస్తే, ఎవరో కెమెరా ముఖానికి ఆనించుకుని తన బిడ్డ వైపు గురిపెట్టి ఉన్నాడు.

టీవీలో వచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో నవ్వు లేదు. ఫొటోలో గుల్షాద్ ముఖం లేదు గానీ, కూతురు అఫ్రా ముఖం నిండుగా ఉంది. స్కూలు ఆటోలో పిల్లలు గుర్తుపట్టారు. మీ అమ్మ బాంబులు చేస్తుందంట కదా అని ఒకడు అడిగాడు. మిగతావాళ్లు జరిగి కూర్చున్నారు. అఫ్రా ఆటో ఎక్కనని ఏడిస్తే తల్లే వెంట నడవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం బండి మీద పోతున్న ఇద్దరు వెనక్కి తిరిగి వచ్చారు. తల్లినీ పిల్లనూ చూశారు, ఫోన్‌లోకి చూశారు, మళ్లీ వీళ్లను చూశారు. "వీళ్లేరా" అనుకుని, ఇంటి మలుపు దాకా బండి నెమ్మదిగా నడుపుతూ వెంట వచ్చారు. ఇంకేమీ అనలేదు. ఏమంటారో, ఎప్పుడంటారో తెలియకపోవడంతో ఆమెకు నిద్ర కరువైంది. చానల్‌కు ఫోన్ చేస్తే, అది మీరేనని రుజువేముందమ్మా అన్నారు.

"నలుపు మానేసి కాఫీరంగు బురఖా వేసుకున్నా సార్" అందట వెళ్తూ వెళ్తూ. "పిల్ల ముఖం యాడ మార్చేది?"

మాస్టారు ఇవేవీ శిష్యుడికి చెప్పలేదు. సాయంత్రం వాణ్ణి స్కూలు పక్కనున్న టీ బంకు దగ్గరికి తీసుకెళ్లి, చూడమన్నారు.

గంట కొట్టాక పిల్లలు బయటికి వచ్చారు. గుంపులోంచి రెండో తరగతి పిల్ల ఒకతి విడిగా వచ్చి గేటు పక్కన ఆగింది. ఆ ముఖం దినకర్‌కు తెలుసు. రోడ్డుకు ఆ పక్క, మందుల షాపు ముందు, కాఫీరంగు బురఖాలో ఒకామె నిలబడి ఉంది. పిల్ల అటు ఒకసారి చూసింది. చేయి ఊపలేదు. నడవడం మొదలుపెట్టింది. అటు ఆమె కూడా నడిచింది. పిల్ల మేజోడు పైకి లాక్కోవడానికి ఆగితే, ఆమె కుక్కర్ల దుకాణం ముందు ఆగి ధర చూస్తున్నట్టు నిలబడింది. మధ్యలో లారీలు, ఆటోలు పోతున్నాయి. వాళ్లు తల్లీబిడ్డలని ఎవరికీ అనుమానం రాదు.

దినకర్ ఇదేమిటని గొంతు తగ్గించి అడిగాడు.

"కలిసి కనిపిస్తేనే గుర్తుపడుతున్నారు" అన్నారు మాస్టారు.

వీళ్లిద్దరూ కాస్త వెనగ్గా నడిచారు. కూడలి దగ్గర పిల్ల రోడ్డు దాటాలి. అక్కడ సిగ్నల్ లేదు. ఎవరైనా పెద్దవాళ్లు దాటేదాకా ఆగి, వాళ్ల పక్కన నడవమని నేర్పినట్టున్నారు. ఒక ముసలాయన దిగితే తనూ దిగింది. సగం దూరంలో ఆయన అడుగు పెంచి వెళ్లిపోయాడు. పిల్ల నడిరోడ్డు మీద ఆగిపోయింది. అవతల గుల్షాద్ ఒక కాలు రోడ్డు మీదికి దింపింది. బిడ్డ కోసం చేయి ముందుకు చాచింది.

దినకర్ చేయి జేబులోకి పోయింది. చెడ్డ ఉద్దేశంతో కాదు. ఏటవాలు ఎండ, మధ్యలో ఒంటరి పిల్ల, అవతల చాచిన చేయి. ఆ పనిలో ఉన్నవాళ్ల చేతులకు ఒకరి అనుమతి అక్కర్లేదు. ఫోన్ తీసి ముఖం దాకా ఎత్తాడు.

ఆమె చూసింది. చాచిన చేయి వెనక్కి పోయింది. కాలు వెనక్కి పోయింది. అటు తిరిగి, బిడ్డకు దూరంగా, జనంలోకి వేగంగా నడిచి వెళ్లిపోయింది.

పిల్ల అదంతా చూసింది. నోరు తెరిచింది గానీ అమ్మీ అని పిలవలేదు. సంచి పట్టీలు రెండు పిడికిళ్లతో పట్టుకుని, ఆ రోడ్డు మీద తనకెవరూ లేనట్టు సూటిగా ముందుకు చూస్తూ నిలబడింది. పక్క నుంచి లారీ పోతే ఆ గాలికి ఒళ్లు తూలింది. అప్పటికీ పిలవలేదు.

దినకర్ పరుగెత్తబోయాడు. వాడి చేతిలో ఫోన్ చూసి పిల్ల ఒక అడుగు వెనక్కి, వస్తున్న ఆటోల వైపుకు వేసింది. మాస్టారు వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. కూడలిలో పూలమ్మే ఆవిడ బుట్ట వదిలేసి, ఆటోవాళ్లను తిట్టుకుంటూ వెళ్లి పిల్లను చేయి పట్టుకుని అవతలికి చేర్చింది. ఎవరి పిల్లరో ఇది, ఒంటరిగా తోలినారు, ఇంట్లో మనుషులు లేరా అని అందరికీ వినబడేట్టు అంది.

కాసేపటికి సందులోంచి కాఫీరంగు బురఖా బయటికి వచ్చింది. పిల్లను ముట్టుకోలేదు, ఆగలేదు. ముందు నడిచింది. వెనక పిల్ల నడిచింది. ఇద్దరి మధ్య నాలుగు దుకాణాల దూరం.

దినకర్ ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆమె దగ్గరికి వెళ్తానన్నాడు. ఆ ఫొటో తీసింది తనేనని, ఇంకెప్పుడూ తీయనని, తన వల్ల ఏ భయమూ పెట్టుకోవద్దని చెప్పి వస్తానన్నాడు.

మాస్టారు ఆ ఇద్దరూ మలుపు తిరిగేదాకా అటే చూశారు.

"ఆమె భయం నీ ఒక్కడి వల్లే అయితే" అన్నారు, "వెళ్లి చెప్పు."