సగం ముద్ర

విజయనగరంలో విశ్వపతి అనే రిటైర్డు మేజరు ఉండేవాడు. ఆయనకు స్టాంపుల పిచ్చి ఎంతంటే, ఉత్తరం వస్తే రాసినవాడి క్షేమం కంటే ముందు కవరు మూల చూసేవాడు. స్టాంపును నీళ్లలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి ఆల్బంలో పెట్టేవాడు. సిపాయిలు రాసిన ఉత్తరాలు, కవర్లతో సహా, చెత్తబుట్టలోకి పోయేవి. పై అధికారులు ఇచ్చిన ప్రశంసాపత్రాలు మాత్రం ఇనప్పెట్టెలో భద్రంగా ఉండేవి.

ఆయన కాగితాలూ ఆల్బంలూ ఇమ్మని ఒక మ్యూజియం అడిగింది. "ఇక నేను చరిత్రలో ఉంటాను" అని మేజరు పొంగిపోయాడు.

ఆ వారమే లెంక సన్యాసమ్మ వచ్చింది. ఆమె భర్త గవరయ్య ఒకప్పుడు మేజరు కింద సిపాయి. తర్వాత కొండల్లో ఇంకో క్యాంపుకు వెళ్లి, అక్కడే కనబడకుండా పోయాడు. పన్నెండో తేదీన పారిపోయాడని క్యాంపు రికార్డులో రాశారు. పద్నాలుగున అక్కడ కొండచరియ విరిగిపడి సిపాయిలు చనిపోయారు. ఇప్పుడు ఊళ్లో అమరవీరుల రాయి నిలబెడుతున్నారు. పారిపోయినవాడి పేరు దాని మీద చెక్కరు.

"పదమూడున మా ఇంటాయన క్యాంపులోనే ఉన్నాడు బాబూ. ఆ పొద్దే మీకు ఉత్తరం వేశానని ఫోనులో చెప్పాడు. నా మాట ఎవరూ నమ్మట్లేదు. తేదీ ఉన్న తపాలా ముద్ర ఉంటే తెమ్మని సైన్యం ఆఫీసులో అన్నారు."

మేజరు ముఖం వెలిగింది. "గవరయ్య పంపిన ఎర్రమెడ కొంగ స్టాంపు! మరిచిపోతానా?" అని ఆల్బం తెరిచాడు.

కొంగ మీద ముద్ర సగమే పడింది. ఆ సగంలో క్యాంపు పేరుంది.

"తేదీ ఏది బాబూ?"

"అది కవరు మీద పడి ఉంటుంది."

"కవరేది?"

మేజరు చూపు మూలనున్న చెత్తబుట్ట మీదికి పోయింది.

"ఏటి బాబూ, పారేసినారా?"

"కవర్లు ఎవరు దాచుకుంటారమ్మా!"

"కొంగను దాచినారు. మనిషిని పారేసినారు" అంది సన్యాసమ్మ.

ఆ మాట మేజరుకు తగిలింది. గవరయ్య ఉత్తరం తనకు అందిందని ప్రమాణపత్రం రాశాడు. పతకాలు పెట్టుకుని రెండుసార్లు ఆ సైన్యం ఆఫీసుకు వెళ్లాడు. "మీరంటే గౌరవమే సార్. తేదీకి ఆధారం జతపరచండి" అన్నాడు గుమాస్తా. జతపరచడానికి ఏముంది?

మ్యూజియం ఆవిడ వచ్చి పెట్టె అంతా వెతికింది. "ప్రశంసాపత్రాలు అందరు అధికారుల దగ్గరా ఉంటాయండీ. సిపాయిల ఉత్తరాలేవీ?" అని అడిగింది.

"అవి కూడా కాగితాలేనని నాకు తోచలేదమ్మా" అన్నాడు మేజరు తల వంచుకుని.

రాయి నిలబడింది. దాని మీద పదకొండు పేర్లు చెక్కారు. గవరయ్య పేరు లేదు. సన్యాసమ్మ అన్ని పేర్లనూ వేలితో తడిమి, ఇంటికి వెళ్లిపోయింది.

సామాన్యుడి ఉత్తరాన్ని చెత్త అనుకున్నవాడు, తెలిసినా తెలియకపోయినా, ఆ సామాన్యుడి బతుకునే చెరిపేస్తాడు.